ప్లాస్టిక్ నియంత్రణ విధానాలు, పల్లె స్థానం: బయ్యారం నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
ప్లాస్టిక్ కాలుష్యాన్ని అరికట్టడానికి మన దేశంలో 1999 నుంచి నియమావళులు వెలువడుతున్నాయి. అయితే 2016 దాకా వాటి దృష్టి నగరాల మీదే ఉంది. పల్లె వాటిలోకి ఆలస్యంగా ప్రవేశించింది. ప్రవేశించినప్పుడు కూడా హక్కుదారుగా కాక, పని చేయవలసిన చివరి వ్యవస్థగా ప్రవేశించింది. మహబూబాబాద్ జిల్లా బయ్యారాన్ని, అక్కడి కాకతీయుల నాటి చెరువును నేపథ్యంగా తీసుకొని, ఈ పరిణామ క్రమాన్ని పరిశీలించడం, ఉత్పత్తిదారుల బాధ్యతను పల్లెకు ముడిపెట్టే అవకాశాన్ని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: బయ్యారం, ప్లాస్టిక్ వ్యర్థాలు, గ్రామ పంచాయతీ, దశబంధం, విస్తరి, ఉత్పత్తిదారుల బాధ్యత.

1. ప్రవేశిక

బయ్యారం అనగానే నేటి పత్రికా పాఠకుడికి ఇనుప ఖనిజం, ఉక్కు కర్మాగారం గుర్తుకు వస్తాయి. చరిత్ర విద్యార్థికి మాత్రం ముందు గుర్తొచ్చేది చెరువు శాసనం. కాకతి మహాదేవుని కూతురు, గణపతిదేవుని సోదరి, నతవాడి రుద్రుని భార్య అయిన మైలాంబ 13వ శతాబ్ది పూర్వార్ధంలో ఇక్కడ చెరువు తవ్వించి, దానికి ధర్మకీర్తి సముద్రమని పేరు పెట్టింది. ఆ సందర్భంలో వేయించిన శాసనం కాకతీయుల తొలి తరాల వంశక్రమానికి ముఖ్యమైన ఆధారం. వెన్నభూపుడు కాకతిపురాన్ని ఏలినందువల్లనే ఆ వంశం వారు కాకతీశులయ్యారని చెప్పే శాసనం ఇదే. పి.వి. పరబ్రహ్మశాస్త్రి వంటి పరిశోధకులు కాకతీయుల ఆరంభ చరిత్రను పునర్నిర్మించడంలో దీనికి పెద్దపీట వేశారు.

ప్లాస్టిక్ గురించిన వ్యాసంలో ఈ శాసనం ప్రస్తావన ఎందుకన్న సందేహం సహజం. కారణం రెండు విధాలు. ఊరిలో పారేసిన తేలికపాటి చెత్త వాన నీటితో కాలువల్లోకి, అక్కడి నుంచి వాగుల్లోకి, చెరువుల్లోకి చేరుతుంది. ఈ ప్రాంతపు నీరు పాకాల ఏరు, మున్నేరుల ద్వారా కృష్ణలో కలిసి బంగాళాఖాతానికి పోతుంది. సముద్రాల ప్లాస్టిక్ గురించి ప్రపంచ వేదికల మీద జరిగే చర్చకు మన ఊరి తూము దగ్గరే ఒక కొస ఉంది. రెండవది, చెరువు అనే ఉమ్మడి ఆస్తిని ఎవరు కట్టాలి, ఎవరు కాపాడాలి, ఆ ఖర్చు ఎక్కడి నుంచి రావాలి అనే ప్రశ్నలకు మన పూర్వులు ఒక సమాధానం ఇచ్చారు. ఆ సమాధానాన్ని నేటి ప్లాస్టిక్ విధానాల పక్కన పెట్టి చూడవచ్చు.

2. 'కవరు' అనే మాట

తెలుగులో 'కవరు' అంటే ఒకప్పుడు ఉత్తరం పెట్టే కాగితపు సంచి. పోస్టు కార్డు, ఇన్లాండు లెటరు, కవరు అని మూడు ధరలుండేవి. ఇవాళ పల్లెలో 'కవరు ఇయ్యి' అంటే ఆ అర్థం ఎవరికీ తోచదు. కిరాణా దుకాణంలో ఇచ్చే పలుచని పాలిథిన్ సంచే కవరు. ఒక తరం లోపల మాట అర్థం పూర్తిగా మారిపోయిందంటే ఆ వస్తువు ఎంత వేగంగా ఇళ్లలోకి వచ్చిందో ఊహించవచ్చు. భాషా పరిశోధకులు అర్థ విపరిణామానికి ఉదాహరణగా దీన్ని చూపవచ్చు గాని, నాకిది ముందుగా ఆర్థిక చరిత్రగా కనిపిస్తుంది.

కవరుకు ముందు అంగడికి పోయేవారి చేతిలో సంచి ఉండేది. నూనెకు సీసా, పెరుగుకు ముంత, కూరగాయలకు గంప ఇంటి నుంచే వెళ్లేవి. దుకాణదారు పప్పును పాత పత్రిక కాగితంలో పొట్లం కట్టేవాడు. పెళ్లిలో మోదుగాకు విస్తరి, పప్పుచారుకు ఆకు డొప్ప, తాటి వనంలో కల్లుకు తాటాకు రేక. ధాన్యానికి, ఎరువుకు గోనె సంచి. వీటిలో ఏదీ పర్యావరణ స్పృహతో పుట్టింది కాదు. దగ్గరలో దొరికేది, చవకగా వచ్చేది అదే కాబట్టి వాడారు. అదే సూత్రం మీద తరువాత ప్లాస్టిక్‌నూ వాడారు. పల్లె జనానికి 'అలవాట్లు చెడిపోయాయి' అని నిందించే ధోరణి మన వ్యాసాల్లో తరచుగా కనిపిస్తుంది. ఆ ధోరణిలో చారిత్రక దృష్టి తక్కువ.

ప్రపంచ స్థాయిలో ఈ కథ చిన్నదే. బేకలైట్ 1907లో వచ్చింది. పాలిథిన్ 1933లో ఇంగ్లండులో ఒక ప్రయోగశాలలో దాదాపు అనుకోకుండా పుట్టింది. 1950లో ప్రపంచమంతా కలిపి ఏడాదికి 20 లక్షల టన్నుల ప్లాస్టిక్ తయారైతే, 2019 నాటికి అది 46 కోట్ల టన్నులకు చేరింది. రోలాండ్ గేయర్, జెన్నా జాంబెక్, కారా లావెండర్ లా 2017లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 2015 వరకు తయారైన మొత్తం 830 కోట్ల టన్నులు. వ్యర్థంగా మారిన దానిలో పునర్వినియోగ ప్రక్రియకు వెళ్లింది సుమారు 9 శాతం మాత్రమే. 79 శాతం చెత్త గుట్టల్లోనో, బయలు ప్రదేశాల్లోనో మిగిలింది.

మన దేశంలో ప్లాస్టిక్ తనంతట తాను పల్లెకు రాలేదు. దాన్ని రప్పించిన విధానాలున్నాయి. వ్యవసాయంలో ప్లాస్టిక్ వినియోగాన్ని ప్రోత్సహించడానికి కేంద్ర ప్రభుత్వం 1981లోనే ఒక జాతీయ సంఘాన్ని నియమించింది. అది మొదట పెట్రోలియం, రసాయనాలు, ఎరువుల మంత్రిత్వ శాఖ కింద పనిచేసి, తరువాత వ్యవసాయ శాఖకు మారింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో సూక్ష్మ సేద్య పథకం మొదలై బిందు సేద్యపు గొట్టాలు రాయితీ మీద చేలకు చేరాయి. నీటి పొదుపు దృష్ట్యా ఇది మేలైన పనే. అదే కాలంలో చిల్లర సరుకుల మార్కెట్టు మరో దారిలో వచ్చింది. 1980లలో తమిళనాడులోని కడలూరు నుంచి చిన్న పొట్లాల షాంపూ వ్యాపారం ఊపందుకుంది. సీసా కొనలేని ఇంటికి రూపాయి పొట్లం అందింది. పేదవాడి జేబుకు సరిపోయే ఆ పొట్లమే, వాడిన మరుక్షణం ఎవరికీ అక్కరలేని వ్యర్థం.

వ్యర్థాన్ని గురించిన తొలి కేంద్ర నియమావళి 1999లో వచ్చింది. ప్రోత్సాహానికి, నియంత్రణకు మధ్య పద్దెనిమిదేళ్లు గడిచాయి.

3. విస్తరి: జ్ఞాపకం, వాస్తవం

ప్లాస్టిక్‌కు ప్రత్యామ్నాయం అనగానే ఆకు విస్తరిని తలచుకోవడం పరిపాటి. ఉమ్మడి వరంగల్, ఖమ్మం జిల్లాల అటవీ గ్రామాల్లో మోదుగాకు సేకరించి, ఈనె పుల్లలతో కుట్టి అమ్మడం కోయ, లంబాడ కుటుంబాలకు, ముఖ్యంగా స్త్రీలకు, వేసవి కాలపు ఆదాయంగా ఉండేది. ఉత్తరాంధ్ర ఏజెన్సీలో ఆ స్థానం అడ్డాకుది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనుగోలు చేసే అటవీ ఉత్పత్తుల్లో అడ్డాకు కూడా ఉంది. పెళ్లిళ్లలో థర్మకోల్ పళ్లేలు, ప్లాస్టిక్ గ్లాసులు వచ్చిన కొద్దీ ఈ ఆదాయం కుంచించుకుపోయింది. ఈ నష్టాన్ని కాలుష్య చర్చలో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ప్లాస్టిక్ చవకగా కనిపించడానికి అది ఒక కారణం: అది తోసివేసిన కూలి దాని ధరలో కలవదు.

అయినా విస్తరి కాలాన్ని స్వర్ణయుగంగా చిత్రించలేం. విందులో ఎవరు ఏ బంతిలో కూర్చోవాలి, ఎంగిలి విస్తళ్లు ఎవరు ఎత్తాలి అనేది కులం నిర్ణయించేది. తెలంగాణ పల్లెల్లో హోటళ్ల దగ్గర రెండు గ్లాసుల పద్ధతి ఇటీవలి కాలం దాకా నడిచింది. వాడి పారేసే గ్లాసు వచ్చాక అందరి చేతికీ ఒకే రకం గ్లాసు అందింది. ఆ భేదం కంటికి కనిపించకుండా పోయింది, అంతే; మనసులోంచి పోయిందని చెప్పలేం. కానీ పల్లెలో ప్లాస్టిక్ గ్లాసును ఆహ్వానించిన వారిలో, ఉతికి కడిగే చాకిరీ నుంచి, వేరు గ్లాసు అవమానం నుంచి కొంత ఊరట పొందినవారు కూడా ఉన్నారని గుర్తించాలి. ప్రత్యామ్నాయాన్ని సూచించేవారు ఆ కడిగే పని మళ్లీ ఎవరి మీద పడుతుందో కూడా చెప్పాలి.

2022 నిషేధం తరువాత ఒక విచిత్రం చూస్తున్నాం. పెళ్లి పందిట్లో అరిటాకు ఆకారంలో కత్తిరించి, ఆకుపచ్చ రంగు ముద్రించిన కాగితం పరుస్తున్నారు. దాని మీద పలుచని ప్లాస్టిక్ పూత ఉంటుంది. ఆకు బొమ్మ మిగిలింది, ఆకు పోయింది.

4. నియమావళుల్లో పల్లె

1999 నియమావళి ప్రధానంగా సంచుల మందం మీద దృష్టి పెట్టింది. కొత్త ప్లాస్టిక్‌తో చేసే సంచి 20 మైక్రాన్ల కంటే పలుచగా ఉండకూడదన్నది. మందం పెరిగితే ధర పెరుగుతుందని, ధర పెరిగితే ఊరకే ఇవ్వరని, చెత్త ఏరుకునేవారికి గిట్టుబాటు అవుతుందని దాని వెనుక తర్కం. తర్కం సబబే గాని, మైక్రాన్లను కొలిచే పరికరం ఏ ఊరి దుకాణం దగ్గరా లేదు. 2011లో కొత్త నియమావళి మందాన్ని 40 మైక్రాన్లకు పెంచింది, సంచులు ఉచితంగా ఇవ్వరాదన్నది, గుట్కా, పొగాకు, పాన్ మసాలాలకు ప్లాస్టిక్ పొట్లాలను నిషేధించింది. వ్యర్థాల సేకరణ బాధ్యతను పురపాలక సంస్థలకు అప్పగించింది. పురపాలక సంస్థ లేని చోట ఏం జరగాలి? బయ్యారం వంటి మండల కేంద్రం అప్పటికి ఆ నియమావళి చూపులోనే లేదు.

సరిగ్గా ఈ సమయంలో తెలుగు నేల నుంచి ఒక వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరింది. అనంతపురం జిల్లా పుట్టపర్తిలో (నేడు శ్రీ సత్యసాయి జిల్లా) జంతు సంరక్షణ చేస్తున్న కరుణ సొసైటీ, వీధుల్లో తిరిగే ఆవుల కడుపుల్లో పేరుకున్న ప్లాస్టిక్‌ను శస్త్రచికిత్స ద్వారా తీయించింది. ఒక ఆవు కడుపులోనే 53 కిలోల ప్లాస్టిక్ బయటపడింది. మూతి కట్టి పారేసిన కవరులోని అన్నం కోసం ఆవు కవరుతో సహా మింగుతుంది. ఆ కవరు జీర్ణాశయం మొదటి అరలోనే ఉండిపోయి, ఏళ్ల తరబడి ఉండగట్టుకుపోతుంది. ఈ ఆధారాలతో 2012లో దాఖలైన పిటిషన్‌ను విచారిస్తూ, రాబోయే తరానికి ప్లాస్టిక్ అణుబాంబు కంటే పెద్ద ముప్పని ధర్మాసనం వ్యాఖ్యానించింది. 2016 జూలైలో కోర్టు ఆ ఏడు వచ్చిన కొత్త నియమావళిని అమలు చేయాలని చెబుతూ వ్యాజ్యాన్ని ముగించింది. ఈ వ్యాజ్యం ప్రత్యేకత నాకు ఇలా తోస్తుంది. అంతవరకు ప్లాస్టిక్ నగరపు మురుగు కాలువల సమస్య. బంగ్లాదేశ్ 2002లో పలుచని సంచులను నిషేధించడానికి కూడా 1988, 1998 వరదల్లో ఢాకా కాలువలు పూడిపోవడమే ప్రేరణ. పుట్టపర్తి వ్యాజ్యం మాత్రం పశువును ముందుకు తెచ్చింది. పశువు పల్లె ఆస్తి.

2016 మార్చి 18 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నియమావళి మొదటిసారిగా గ్రామ ప్రాంతాలను తన పరిధిలోకి తెచ్చింది. ప్లాస్టిక్ పల్లెలకు కూడా చేరింది కాబట్టి ఈ విస్తరణ అని ప్రభుత్వమే వివరించింది. మందం 50 మైక్రాన్లకు పెరిగింది. సంచులు అమ్మే దుకాణదారులు నెలకు కనీసం 4,000 రూపాయల చొప్పున ఏడాదికి 48,000 రూపాయలు స్థానిక సంస్థకు చెల్లించాలన్న నిబంధన వచ్చింది. తిరిగి వాడడానికి వీలులేని బహుళ పొరల ప్యాకింగు రెండేళ్లలో పోవాలన్నారు.

రెండేళ్లు గడిచేసరికి, 2018 మార్చిలో, దుకాణదారుల రుసుము నిబంధనను తొలగించారు. బహుళ పొరల ప్యాకింగు విషయంలో 'శక్తి ఉత్పత్తికి పనికిరానిది, వేరే ఉపయోగం లేనిది' అన్న మాటలు చేర్చారు. ఏ పొట్లాన్నైనా సిమెంటు బట్టీలో కాల్చవచ్చు కాబట్టి, ఆ చేర్పుతో ఆ నిబంధన కింద పోవలసిన పొట్లం దాదాపు లేకుండా పోయింది. రుసుము పోవడంతో గ్రామ పంచాయతీకి రావలసిన ఒకే ఒక ఆదాయ మార్గం మూసుకుపోయింది. బాధ్యత మాత్రం మిగిలింది. విధాన చరిత్రలో ఇలాంటి చిన్న సవరణలే ఎక్కువ పని చేస్తాయి. నిషేధం రోజున పత్రికలు రాస్తాయి, సవరణ రోజున రాయవు.

2021 ఆగస్టు సవరణ ప్రకారం సంచుల మందం ఆ ఏడు సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్లకు, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకు పెరిగింది. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, థర్మకోల్ అలంకరణలు వంటి ఒకసారి వాడే వస్తువులు నిషిద్ధమయ్యాయి. చిప్సు, గుట్కా, షాంపూ పొట్లాలు ఆ జాబితాలో చేరలేదు.

5. పంచాయతీ ట్రాక్టరు

బయ్యారం 2016 అక్టోబరు దాకా ఖమ్మం జిల్లాలో ఉండి, జిల్లాల పునర్విభజనతో మహబూబాబాద్‌లో చేరింది. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018లో వచ్చింది. 2019 సెప్టెంబరులో 30 రోజుల ప్రణాళికతో మొదలైన పల్లె ప్రగతి కార్యక్రమం ద్వారా గ్రామ పంచాయతీలకు ట్రాక్టర్లు, చెత్త వేరు చేసే షెడ్లు, నర్సరీలు సమకూరాయి. ఇంటింటి నుంచి చెత్త సేకరణ పల్లెలో అలవాటు కావడం చిన్న మార్పు కాదు. దీన్ని గుర్తించకుండా విమర్శించడం అన్యాయం.

ట్రాక్టరు చెత్తను ఇంటి ముందు నుంచి షెడ్డు దాకా తెస్తుంది. షెడ్డు నుంచి ఎక్కడికి? గట్టి ప్లాస్టిక్‌కు జవాబుంది. విరిగిన కుర్చీ, పగిలిన బిందె, ఖాళీ సీసా పాత సామాన్లు కొనేవారికి పోతాయి. వీధిలోకి వచ్చి ఉల్లిగడ్డలిచ్చి వాటిని తీసుకుపోయే పద్ధతి తెలంగాణ పల్లెలకు కొత్తది కాదు. పలుచని కవరుకు, మెరుపు పొరల పొట్లానికి ఆ మార్కెట్టు లేదు. కిలో తూగాలంటే వందల పొట్లాలు ఏరాలి, మట్టి దులపాలి, రవాణా చేయాలి, తీరా కొనేవాడుండడు. అందుకే షెడ్డు వెనుక మంట కనిపిస్తుంది. దుకాణం ముందు ఊడ్చి, సాయంత్రం అగ్గి పెట్టడం కూడా అందుకే. జీవో 51 ప్రకారం వీధి ఊడ్చే కార్మికుడే నీటి సరఫరా, వీధి దీపాలు, ట్రాక్టరు పనులు కూడా చూడాలి. అతన్ని పొట్లాలు రకాల వారీగా వేరు చేయలేదని తప్పు పట్టగలమా?

ఈ చిక్కుముడిని విప్పడానికి పొరుగు జిల్లాలో ఒక ప్రయత్నం జరిగింది. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుంచి విడివడి ఏర్పడిన ములుగు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరులో కలెక్టర్ నారాయణ రెడ్డి ఆధ్వర్యంలో కిలో ప్లాస్టిక్ తెచ్చినవారికి కిలో బియ్యం ఇచ్చే కార్యక్రమం నడిచింది. నాలుగు నెలల్లో మేడారం జాతర ఉంది. లక్షలాది మంది వచ్చే ఆ వన జాతరను ప్లాస్టిక్ రహితంగా జరపాలన్న ప్రచారానికి అది పూర్వరంగం. ఉల్లిగడ్డల మారకాన్ని ప్రభుత్వం కవర్లకు విస్తరించిందనుకోవచ్చు. ధర లేని వస్తువుకు ధర కడితే జనం ఏరి తెస్తారని అది రుజువు చేసింది. అయితే ఆ బియ్యం దాతల నుంచి వచ్చాయి, ఆ కవర్లను తయారు చేసిన కంపెనీల నుంచి కాదు. దాతృత్వం మీద నడిచే పని పది రోజులు నడుస్తుంది. పదేళ్లు నడవాలంటే ఖర్చు చెల్లించవలసినవారు వేరే ఉన్నారు.

6. దశబంధం, ధ్రువపత్రం

కాకతీయుల కాలం నుంచి తెలుగు నేల మీద చెరువుల దానాల్లో తరచుగా కనిపించే మాట దశబంధం. చెరువు కట్టించిన లేదా బాగు చేయించిన వ్యక్తికి ఆ చెరువు కింది భూమిలో స్థూలంగా పదో వంతు పన్ను లేకుండా దక్కేది. బదులుగా ఆ చెరువు మరమ్మతు చూసుకోవాలి. ఇందులో గమనించవలసింది, లాభం, బాధ్యత రెండూ ఒకే స్థలానికి ముడిపడి ఉండడం. ఒక ఊరి చెరువు మీద హక్కు అనుభవిస్తూ, మరో ఊరి గట్టు పోసి లెక్క సరిచేస్తానంటే చెల్లదు. ఆ వ్యవస్థలో వెట్టి ఉంది, అసమానత ఉంది; ఆదర్శంగా చూపడం నా ఉద్దేశం కాదు. స్థలబద్ధమైన బాధ్యత అన్న ఒక్క అంశమే ఇక్కడ ప్రస్తుతం.

2022 ఫిబ్రవరి 16న వెలువడిన మార్గదర్శకాలు ఉత్పత్తిదారులు, దిగుమతిదారులు, బ్రాండు యజమానుల బాధ్యతకు స్పష్టమైన రూపమిచ్చాయి. మార్కెట్లోకి వదిలిన ప్లాస్టిక్‌కు తగినంత వ్యర్థాన్ని సేకరించాలన్న లక్ష్యం 2021-22లో 25 శాతం, 2022-23లో 70 శాతం, 2023-24 నుంచి 100 శాతం. లక్ష్యం చేరినట్టు చూపడానికి, నమోదైన పునర్వినియోగ సంస్థల నుంచి ధ్రువపత్రాలు కొనుక్కోవచ్చు. ఇక్కడే చిక్కుంది. ధ్రువపత్రం టన్నును లెక్కిస్తుంది, ఊరిని లెక్కించదు. బయ్యారంలో అమ్మిన పొట్లానికి బదులు ఎక్కడో ఒక పెద్ద నగరం శివారులో, అదే రకానికి చెందిన ప్లాస్టిక్ సేకరిస్తే లెక్క సరిపోతుంది. నగరంలో సేకరణ చవక కాబట్టి కంపెనీ అక్కడే సేకరిస్తుంది. నూటికి నూరు శాతం లక్ష్యం కాగితం మీద నెరవేరి, పల్లెలో ఒక్క పొట్లం కూడా కదలకపోవచ్చు. దీనికి తోడు 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీల్లో నకిలీ ధ్రువపత్రాలు భారీ సంఖ్యలో బయటపడ్డాయి.

ఈ వ్యవస్థను రద్దు చేయనక్కరలేదు. దానికి స్థలాన్ని చేర్చాలి. అమ్మకాల్లో గ్రామీణ వాటా ఎంతో కంపెనీలకు తెలుసు. ధ్రువపత్రాల్లో అంత వాటా గ్రామ పంచాయతీల నుంచి, మహిళా సంఘాల నుంచి సేకరించిన ప్లాస్టిక్‌కే చెందాలని నియమం పెట్టవచ్చు. పలుచని పొట్లాలకు కనీస కొనుగోలు ధర నిర్ణయిస్తే, పాత సామాన్ల వ్యాపారి వాటిని కూడా తూకం వేస్తాడు. ములుగులో దాతలిచ్చిన బియ్యం స్థానంలో కంపెనీలు చెల్లించే ధర వస్తుంది. బహుళ పొరల ప్యాకింగు మీద 2016లో పెట్టిన గడువును, 2018లో చేర్చిన మాటలు తీసివేసి, పునరుద్ధరించడం మరొకటి. ఐర్లండు 2002లో సంచికి 15 సెంట్ల పన్ను వేసినప్పుడు వాడకం బాగా పడిపోయింది. రువాండా 2008 నుంచి సంచుల నిషేధాన్ని కఠినంగా అమలు చేస్తోంది. ధర, నిషేధం రెండూ పనిచేస్తాయి, వాటి వెనుక అమలు యంత్రాంగం ఉంటే.

అంతర్జాతీయ వేదిక మీద కూడా వివాదం ఇదే. 2022 మార్చి 2న నైరోబీలో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సభ ప్లాస్టిక్ మీద చట్టబద్ధమైన ఒప్పందం కావాలని తీర్మానించింది. ఉరుగ్వేలోని పుంటా డెల్ ఎస్తే మొదలుకొని పారిస్, నైరోబీ, ఒట్టావా, బుసాన్‌ల మీదుగా చర్చలు సాగి, 2025 ఆగస్టులో జెనీవాలో ఒప్పందం లేకుండానే ముగిశాయి. ముడి ప్లాస్టిక్ ఉత్పత్తికే పరిమితి ఉండాలని నార్వే, రువాండా నాయకత్వంలోని దేశాలు కోరాయి. చమురు ఉత్పత్తి దేశాలు వ్యర్థాల నిర్వహణతో సరిపెట్టాలన్నాయి. ఉత్పత్తి పరిమితిని భారతదేశం కూడా వ్యతిరేకించింది. తలసరి వినియోగం తక్కువగా ఉన్న దేశానికి ఆ వైఖరిలో కొంత న్యాయం లేకపోలేదు. కానీ పై నుంచి వచ్చే ప్రవాహాన్ని కట్టకుండా కింద ఎత్తిపోయడమే విధానమైతే, ఆ ఎత్తిపోసే పని ఎవరిదన్న ప్రశ్న దేశం లోపల మళ్లీ తలెత్తుతుంది. జెనీవాలో మన ప్రతినిధులు ధనిక దేశాలను అడిగిన ఆర్థిక సాయాన్నే, పంచాయతీ తన ప్రభుత్వాన్ని అడగవచ్చు.

7. మిరప చేలో పొర

పై నియమావళులన్నీ ప్యాకింగు ప్లాస్టిక్ చుట్టూ తిరిగాయి. మహబూబాబాద్ జిల్లా మిరప సాగుకు పేరున్న ప్రాంతం. కలుపు తగ్గడానికి, తేమ నిలవడానికి మొక్కల మొదళ్ల చుట్టూ పలుచని ప్లాస్టిక్ పొర పరిచే మల్చింగ్ పద్ధతికి ఉద్యాన శాఖ పథకాల కింద రాయితీ ఉంది. సంచి 120 మైక్రాన్లుండాలని చట్టం అంటుంటే, మల్చింగ్ పొర సాధారణంగా 25 నుంచి 30 మైక్రాన్లు. పంట తీశాక అది ఎండకు పెళుసుబారి, లాగితే ముక్కలుగా చిరుగుతుంది. ఆ ముక్కలు దుక్కిలో కలుస్తాయి, లేదా గట్టు మీద కాలుతాయి. మట్టి అంటిన ఆ పొరను పాత సామాన్ల వ్యాపారి ముట్టుకోడు, పంచాయతీ ట్రాక్టరు పొలం దాకా పోదు.

రాయితీ ఇచ్చేటప్పుడు ఎంత విస్తీర్ణానికి, ఏ రైతుకు, ఏ కంపెనీ పొర ఇచ్చారో ఉద్యాన శాఖ దగ్గర దస్త్రం ఉంటుంది. కిరాణా పొట్లం విషయంలో దొరకని సమాచారం ఇక్కడ ముందే సిద్ధంగా ఉంది. రాయితీలో కొంత భాగాన్ని, పంట అయ్యాక పొరను చుట్టి తెచ్చి అప్పగించినప్పుడు చెల్లించేలా, ఆ పొరను సరఫరా చేసిన కంపెనీయే వెనక్కు తీసుకునేలా నిబంధన చేయడానికి కొత్త చట్టం అవసరం లేదు. పథకం మార్గదర్శకాల్లో ఒక పేరా మార్చితే చాలు.